పరాయి పండ్లు, తెలుగు పేర్లు

వినాయక చవితి నాడు విగ్రహం పైన వేలాడదీసే పాలవెల్లి తెలుగువారి పండ్ల చరిత్రను ఒక్క చోట చూపించే వస్తువు. సన్నని చెక్కబద్దలను గళ్లుగా కూర్చి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, నాలుగు మూలలా తాళ్లు కట్టిన ఆ చట్రానికి మామిడాకులతో పాటు వెలగకాయ, మారేడుకాయ, దానిమ్మ, జామకాయ, సీతాఫలం, మొక్కజొన్న పొత్తు వంటి ఆ రుతువులో దొరికే కాయలను కడతారు. వీటిలో వెలగ, మారేడు ఈ ఉపఖండపు అడవులలో పుట్టినవి. దానిమ్మ ఇరాన్ వైపు నుంచి ప్రాచీన కాలంలోనే వచ్చి స్థిరపడింది. జామ, సీతాఫలం, మొక్కజొన్న మాత్రం అమెరికా ఖండాలలో పుట్టి మహాసముద్రాలు దాటి వచ్చినవి. అయినా పూజ చేసే ఇంట్లో ఎవరికీ వీటి మధ్య తేడా తోచదు, తేడా పాటించాలన్న నియమమూ లేదు. ఒకనాడు వింతగా కనిపించిన పండు దేవుడి ముందు కట్టదగిన పండుగా ఎలా మారిందన్నది విచారించదగిన విషయం.

మొక్క ఓడలో వచ్చి, గింజ నేలలో పడి, కాయ కాసినంత మాత్రాన పండు ఒక జాతికి సొంతం కాదు. దాన్ని కొరికి చూసిన మనిషి పక్కవాడికి దాని సంగతి చెప్పగలగాలి. అందుకు ఒక పేరు కావాలి. తెలుగునాట కొత్త పండుకు పేరు కుదిరిన తీరును పరిశీలిస్తే, జనం తమకు అప్పటికే బాగా తెలిసిన పండును కొలతగా పెట్టుకుని, కొత్తదాని ఆకారాన్ని, సొనను, గుజ్జును, రుచిని దానితో పోల్చి చూసి పేరు నిర్ణయించారన్నది స్పష్టమవుతుంది. ఆ కొలతలు ఎక్కువగా అడవి నుంచి, ఊరి పొలిమేర నుంచి వచ్చినవి: పనస, మామిడి, రేగు, నేరేడు, చింత, పాల, జీడి. ఈ పేర్ల చరిత్ర ఒకవైపు రేవుల, ఓడల, వర్తకుల చరిత్ర అయితే, మరొకవైపు పల్లెజనపు వృక్షజ్ఞానానికి చరిత్ర.

పనస కొలతగా నిలిచిన పండ్లు

దక్షిణ అమెరికాకు చెందిన అనాసను యూరోపియన్లు మొదటిసారి 1493 నవంబరులో, కొలంబస్ రెండో యాత్రలో, గ్వాడెలూప్ దీవిలో చూశారు. బ్రెజిల్ తీరంలోని తుపీ జాతివారు దాన్ని పిలిచిన ‘నానా’ అన్న మాట పోర్చుగీసువారి నోట ‘అననాస్’ అయి, వారి ఓడలతో పాటు 16వ శతాబ్దంలో భారతదేశపు పడమటి తీరానికి చేరింది. ఆ శతాబ్దం ముగిసేలోపే ఈ పండు మొఘలు దర్బారుకు ఎంతగా పరిచయమైందంటే, అబుల్ ఫజల్ తన ‘ఐన్-ఇ-అక్బరీ’లో పండ్ల ధరల పట్టికలో దీన్ని చేర్చి, ఒక్కో పండు నాలుగు దాములని రాశాడు. దాము అంటే రాగి నాణెం. నలభై దాములు ఒక రూపాయి కాబట్టి రూపాయికి పది పండ్లు. దీనికి ‘కఠల్-ఇ-సఫరీ’, అంటే ప్రయాణపు పనస, అన్న పేరు కూడా ఉందని, లేత మొక్కను కుండలో పెట్టుకుని ప్రయాణంలో తీసుకుపోతే అది కాయ కాస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని ఆయన వివరించాడు. తరువాత జహంగీరు తన ఆత్మకథలో ఫిరంగుల రేవులలో పండే ఈ పండు ఆగ్రాలోని గుల్ అఫ్షాన్ తోటలో ఏటా వేల సంఖ్యలో కాస్తోందని నమోదు చేశాడు.

కోస్తా ఆంధ్రలో అనాసపనస అన్న జంటపేరు వాడుకలో నిలిచింది. ఆగ్రా దర్బారుకూ గోదావరి ఒడ్డు పల్లెకూ సంబంధం లేకపోయినా, రెండు చోట్లవారికీ ఈ పండును చూడగానే పనసే గుర్తుకు వచ్చింది. పైన గరుకు తొక్క, దాని మీద కన్నులు, లోపల పసుపు గుజ్జు, గదినంతా ఆవరించే వాసన అన్నవి పైకి కనిపించే పోలికలు. వాటికి లోతైన ఆధారం కూడా ఉంది. ఒక్క పువ్వు నుంచి కాక, ఒకే కాడ మీద పూసిన అనేక పువ్వులు కలిసిపోయి ఏర్పడే పండును వృక్షశాస్త్రం సంయుక్త ఫలం అంటుంది. పనసలోని ఒక్కో తొనా ఒక్కో పువ్వు ఫలితమైనట్లే, అనాస పైన కనిపించే ఒక్కో కన్నూ ఒకప్పటి ఒక్కో పువ్వు. రెండు మొక్కలకూ చుట్టరికం లేకున్నా పండు కట్టిన తీరులో పోలిక ఉందని, ఆ శాస్త్రం తెలియని కళ్లు కూడా పట్టుకోగలిగాయి. ఇప్పుడు శ్రీకాకుళం, మన్యం ప్రాంతాల్లోని సీతంపేట కొండల మీద సవర గిరిజనులు పండించే అనాస ఆ ప్రాంతపు సంతలకు వన్నె తెచ్చే పంట.

పనసను తోడు తెచ్చుకున్న మరో పండు పంపరపనస. ఇది నిమ్మజాతి పండ్లలో అన్నిటికన్నా పెద్దది. దళసరి తొక్క వలిస్తే లోపల తెల్లని లేదా గులాబీ రంగు తొనలు ఉంటాయి. ఆగ్నేయాసియాకు చెందిన ఈ పండును డచ్చివారు ‘పొంపెల్మూస్’ అన్నారు, తమిళులు ‘పంబళిమాసు’ అన్నారు. ఈ రెండింటిలో ఏది దేని నుంచి వచ్చిందన్న విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. తెలుగు నోటిలో ఆ మాట చివరి భాగం అర్థం లేని ధ్వనిగా ఉండిపోకుండా ‘పనస’గా రూపు దిద్దుకుంది. తెలియని మాటను వింటూనే తెలిసిన మాటగా మలుచుకునే ఈ పద్ధతిని భాషాశాస్త్రజ్ఞులు లోకవ్యుత్పత్తి అంటారు. పెద్దగా ఉండి, లోపల తొనలున్న పండుకు పనస అన్న మాట అతకడం వల్లనే అది అంత సులువుగా నిలిచింది.

జీడిమామిడి: ఒక పేరులోని శాస్త్రం

పేరులో పరిశీలన ఎంత లోతుగా ఇమిడి ఉండగలదో చూపడానికి జీడిమామిడిని మించిన ఉదాహరణ లేదు. బ్రెజిల్‌కు చెందిన ఈ చెట్టును పోర్చుగీసువారు 16వ శతాబ్దపు మధ్యకాలం దాటాక భారతదేశపు పడమటి తీరానికి తెచ్చారు. తుపీ భాషలోని ‘అకజు’ అన్న మాటే ‘కాజూ’ అయి ఉత్తరాదిన నిలిచింది. మలయాళంలో దీన్ని ‘పరంగి మావు’, అంటే పరదేశీయుల మామిడి, అన్నారు. తెలుగువారు మామిడి పోలికను ఉంచుకుంటూనే దానికి ముందు జీడిని చేర్చారు.

జీడి అంటే ఇక్కడి అడవుల్లో పెరిగే నల్లజీడి చెట్టు గింజ. చాకలివారు బట్టలకు గుర్తులు పెట్టడానికి శతాబ్దాల పాటు దీన్నే వాడారు. గింజను సూదితో గుచ్చితే చిక్కని సొన ఊరుతుంది. దాన్ని బట్ట అంచున చుక్కగానో గీతగానో పెట్టి, మీద కాస్త సున్నం తాకిస్తే గుర్తు నల్లబడి, ఎన్ని ఉతుకులకూ పోకుండా ఉండిపోతుంది. చుక్కలెన్ని, గీతలెన్ని అన్న లెక్కను బట్టి ఏ బట్ట ఏ ఇంటిదో రేవు దగ్గర తేల్చుకునేవారు. ఆ సొన ఒంటికి తగిలితే దద్దురు లేచి పుండు పడుతుంది కాబట్టి దాన్ని ఒడుపుగా వాడటం పని తెలిసినవారికే సాధ్యమయ్యేది. జీడిచెట్టు పండుకు ఇంకో విశేషం ఉంది: నల్లని గింజ ఒకవైపు, దాని తొడిమ ఉబ్బి నారింజ రంగు పండుగా మారిన భాగం మరొకవైపు ఉంటాయి. బ్రెజిల్ నుంచి వచ్చిన చెట్టుకు కూడా సరిగ్గా ఇలాగే ఉబ్బిన తొడిమ పండుగా మారి, దాని కొసన గింజ బయటికి వేలాడటం, ఆ గింజ పెంకులోని సొన కూడా చర్మాన్ని కాల్చడం గమనించినవారు దాన్ని జీడి అనక మరేమంటారు? ఆకు, పూత, పండు వాసన మామిడిని తలపించాయి కాబట్టి మామిడి అన్న మాట దానికి జత కలిసింది.

ఆధునిక వృక్షశాస్త్రం నల్లజీడిని, మామిడిని, జీడిమామిడిని ఒకే కుటుంబంలో చేర్చింది. పచ్చిమామిడి సొన పెదవికి తగిలితే పొక్కడానికి, జీడి చర్మాన్ని కాల్చడానికి కారణం ఆ కుటుంబపు చెట్లలో ఉండే ఒకే తరహా రసాయనాలు. యూరప్ పండితుల నామకరణం కూడా ఇదే దారిన నడిచింది: అక్కడి వైద్యులు ‘అనకార్డియం’ అన్న పేరును మొదట భారతదేశపు నల్లజీడికే వాడేవారు, 1753లో లిన్నేయస్ ఆ పేరును జీడిమామిడికి ఇచ్చి, పడమటి దేశానిది అన్న అర్థం వచ్చే విశేషణాన్ని చేర్చాడు. స్వీడన్ దేశపు శాస్త్రవేత్త, పేరు మిగలని తెలుగు పల్లెవాసి ఒకే గుర్తుల మీద ఆధారపడి ఒకే నిర్ణయానికి వచ్చారన్నది గౌరవంతో గుర్తుంచుకోదగిన విషయం. తీరపు ఇసుకనేలలు గాలికి కొట్టుకుపోకుండా ఆపగల ఈ చెట్టు ఉత్తరాంధ్రలో బాగా వేళ్లూనుకుని, పలాస పట్టణాన్ని జీడిపప్పుకు మారుపేరు చేసింది. జీడిపప్పు పాయసంలో, పొంగలిలో, ఉప్మాలో విడదీయరాని భాగమైనా, ఆ పండు మాత్రం ఊరు దాటి బజారుకు రాలేదు. ముక్కలు కోసి ఉప్పు అద్దుకుని, గొంతు పట్టేసే వగరును ఓర్చుకుంటూ తినే అలవాటు తోటల దగ్గరి జనానికే పరిమితమైంది.

రేవు పేరే పండు పేరు

పోలిక కుదరనప్పుడు, లేదా కొత్తది పాతదానికి చాలా దగ్గరగా ఉండి వేరుచేసి చెప్పాల్సి వచ్చినప్పుడు, వచ్చిన దారినే పేరుగా పెట్టే పద్ధతి మరొకటి ఉంది. తెలుగునేలకు కమలాజాతి పండ్లు కొత్తవి కావు. నారింజ అన్న మాట వంశంలోని రూపాలు సంస్కృతంలో నారంగం, పారసీకంలో నారంగ్, అరబ్బీలో నారంజ్, స్పానిష్‌లో నరాంహా అవుతూ ఇంగ్లీషులోని ఆరెంజ్ వరకు ప్రయాణించాయి. ఇంతటి పాత పేరు చేతిలో ఉండగా, తియ్యని రసంతో దళసరి పసుపుపచ్చ తొక్కతో వచ్చిన కొత్త రకాన్ని వేరుగా చెప్పడానికి మరో మాట అవసరమైంది. కోస్తా, తెలంగాణ ప్రాంతాలలో అది బత్తాయి అయింది. ఈ మాట బటేవియా నుంచి వచ్చిందని చెబుతారు. నేటి జకార్తాకు డచ్చివారు పెట్టిన పేరు బటేవియా. 1619 నుంచి వారి తూర్పు దేశాల వ్యాపారానికి అదే ముఖ్యకేంద్రం. అంతకు ముందే 17వ శతాబ్దపు మొదటి దశకంలో మచిలీపట్నంలో స్థావరం నెలకొల్పిన డచ్చివారు కోరమాండల్ నేతబట్టలను ఆ రేవుకు తరలించేవారు. బెంగాలీలో పంపరపనసను ‘బాతాబి లేబు’ అనడం కూడా ఆ రేవు గుర్తే.

రాయలసీమలో అదే బత్తాయి చీనీకాయ, అంటే చైనా దేశపు కాయ. ఉత్తరాదిన అదే మోసంబి. ఆ మాట ఆఫ్రికా తీరంలోని మొజాంబిక్ పేరు నుంచి వచ్చింది. తెలుగునాట విస్తారంగా సాగయ్యే సాత్‌గుడి రకం పేరు ఉత్తర ఆర్కాటులోని సాత్‌గఢ్ అన్న ఊరి పేరు. ఒక్క పండు పేర్లలో జావా, చైనా, ఆఫ్రికా, తమిళసీమ కనిపించడం ఆ కాలపు సముద్ర వర్తకం ఎంత దూరం వల వేసిందో తెలుపుతుంది. నల్గొండ బత్తాయి, అనంతపురం చీనీ అని రెండు పేర్లతో పిలిచినా చెట్టు ఒక్కటే. పేరులోని తేడా మాత్రం ఆ పండు జనం నోటికి చేరిన దారుల తేడాను దాచి ఉంచింది.

బొప్పాయి కథ కూడా ఇలాంటిదే. మధ్య అమెరికాకు చెందిన ఈ పండు గురించి, 1580లలో గోవాలో ఉండి 1596లో తన గ్రంథాన్ని ప్రచురించిన డచ్చి యాత్రికుడు లిన్స్‌హోటెన్, ఇది స్పెయిన్ వారి దేశాల నుంచి ఫిలిప్పీన్స్‌కు, అక్కడి నుంచి మలక్కాకు, మలక్కా నుంచి భారతదేశానికి వచ్చిందని రాశాడు. అంటే ఈ పండు పడమటి నుంచి కాక తూర్పు నుంచి చుట్టు తిరిగి వచ్చింది. కన్నడంలో దీన్ని ‘పరంగి హణ్ణు’ అంటారు. తమిళంలో ‘పరంగిక్కాయ్’ అంటే గుమ్మడి. పరంగి, ఫిరంగి అన్నవి యూరోపియన్లను సూచించే ఒకే మాటకు రూపాలు. ఆ మాట తెలుగులో కోటగోడలను పగలగొట్టే పెద్ద తుపాకికి స్థిరపడిపోగా, పొరుగు భాషలలో పెరటి చెట్టుకు, పాదు తీగకు అతుక్కుంది. తెలుగులో బొప్పాయి, బొబ్బాసి అన్న రూపాలు కరీబియన్ దీవుల నాటి ధ్వనినే కాస్త మార్చి నిలుపుకున్నాయి.

పరదేశపు వస్తువును గుర్తించడానికి తెలుగులో ఎక్కువగా వాడిన గుర్తు ‘సీమ’ అన్న ఉపపదం. కిరసనాయిలు సీమనూనె అయినట్లే, మెక్సికో నుంచి ఫిలిప్పీన్స్ మీదుగా వచ్చిన ఒక ముళ్లచెట్టు సీమచింత అయింది. చుట్టలు తిరిగిన కాయ పగిలితే లోపల నల్లని గింజల చుట్టూ తెల్లగానో లేత గులాబీగానో మెత్తని గుజ్జు ఉంటుంది. పులుపు లేదు, తీపితో కూడిన వగరు మాత్రమే ఉంది. అయినా కాయ గింజగింజకూ నొక్కులు పడి ఉండటం చింతకాయను గుర్తుచేసింది. ఈ చెట్టుకు శాస్త్రీయ నామం పెట్టినవాడు విలియం రాక్స్‌బర్గ్. 1781 నుంచి 1793 వరకు సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా ఉండి, అక్కడ ప్రయోగాత్మక తోటను పెంచిన ఈ స్కాట్లండ్ వృక్షశాస్త్రవేత్త, స్థానిక చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించాడు. అవి 1795 నుంచి మూడు సంపుటాలుగా, 300 చిత్రపటాలతో లండన్‌లో వెలువడ్డాయి. తీయనిది అన్న అర్థం వచ్చే ‘డల్సిస్’ అన్న మాటను ఆయన సీమచింతకు పేరుగా చేర్చాడు. అమెరికాలో పుట్టిన చెట్టుకు ప్రపంచశాస్త్రం వాడే పేరు తెలుగుతీరంలో పెరిగిన చెట్టును చూసి పెట్టినది కావడం ఈ చరిత్రలో ఒక విశేషం. తాను రాసిన మొక్కలకు తెలుగు పేర్లను అడిగి తెలుసుకుని నమోదు చేయడం రాక్స్‌బర్గ్ పద్ధతి. అందువల్లనే ఆయన గ్రంథాలు నేటికీ మన వృక్షనామాలకు విలువైన భాండాగారాలు.

పురాణంలో చోటు దొరికిన పండు

పై పేర్లన్నీ పోలికనో, దారినో చెబుతుండగా, సీతాఫలం అన్న పేరు రెండింటినీ దాటి పురాణంలోకి నడిచింది. సీత అరణ్యవాసంలో తిన్న పండు అని జనం చెప్పుకునే ఈ పండుకు తోడుగా, దాని దగ్గరి బంధువైన, ఎర్రబారిన నున్నటి తొక్కగల మరో అమెరికా పండు రామాఫలం అయింది. ఇటీవల అదే వంశానికి చెందిన, ముళ్లతొక్కగల పుల్లని పండు లక్ష్మణఫలం అయింది. చలువచేసే పండు అన్న అర్థంలో శీతఫలమే సీతాఫలమైందన్న అభిప్రాయమూ ఉంది. పేరు ఇంతగా ఇంటిదైపోవడంతో, ఈ పండు పరదేశానిదంటే నమ్మలేని స్థితి ఏర్పడింది.

పండితలోకంలోనూ దీని రాకడ మీద వాదం నడిచింది. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దానికి చెందిన భార్హుత్ స్తూపపు శిల్పాలలో, మధుర శిల్పాలలో సీతాఫలం చెక్కి ఉందని అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ భావించాడు. ఆ చెక్కడాలు పనసకో మరో పండుకో శైలీకృత రూపాలు కావచ్చని ఇతరులు అన్నారు. వృక్షాల పుట్టుక మీద గ్రంథం రాసిన అల్ఫోన్స్ ద కందోల్ ఈ వాదాన్ని పరిశీలించి అమెరికా పుట్టుక వైపే మొగ్గాడు. 2009లో ఉత్తరప్రదేశ్‌లోని టోక్వా తవ్వకాలలో దొరికిన మాడిన గింజను సీతాఫలపు గింజగా గుర్తించామని పురావృక్షశాస్త్రజ్ఞులు ప్రకటించడంతో చర్చ మళ్లీ మొదలైంది. ఈ వంశపు మొక్కల పుట్టిల్లు అమెరికా అన్న విషయంలో మార్పు లేదు. ఎప్పుడు, ఏ దారిన ఇక్కడికి చేరిందన్నదే తేలవలసి ఉంది.

ఎలా వచ్చినా, దక్కను పీఠభూమి ఈ చెట్టుకు రెండో పుట్టిల్లయింది. మట్టి పలచగా ఉన్న రాతిగుట్టల మీద, నీరు పెట్టేవారు లేకుండా, వానాకాలం చినుకులతోనే ఇది పెరుగుతుంది. దీని ఆకును మేకలు కూడా ముట్టవు కాబట్టి ఇతర మొక్కలు మేతకు బలైన గుట్టల మీద కూడా ఇది మిగిలింది. ఆకులో, గింజలో ఉండే విషపదార్థమే దీనికి రక్ష. గింజలను నూరి పేలమందుగా తలకు పట్టించే అలవాటు, ఆ పొడి కంట్లో పడకూడదన్న జాగ్రత్త పల్లెల్లో తెలిసినవే. పాలమూరు ప్రాంతంలోని బాలానగర్ పేరుతో ప్రసిద్ధమైన రకం దేశమంతటా తోటల్లోకి వెళ్లింది. కన్నులు విచ్చుకుని వాటి మధ్య సందులు తెల్లబడితే కాయ పక్వానికి వచ్చినట్లు గుర్తు. అలాంటి కాయలను ఏరి గంపల్లో ఆకుల మధ్య పేర్చి, చవితి నుంచి దీపావళి దాకా గుట్టల దగ్గరి ఊళ్ల స్త్రీలు రోడ్ల పక్కన అమ్ముతారు. నాటినవారు లేని ఈ పంట కోసినవారికి దక్కే ఆదాయం.

పాల వేరు మీద సపోటా

మెక్సికో ప్రాంతపు నావాతల్ భాషలో ‘త్సపోత్ల్’ అన్న మాట స్పానిష్ నోట సపోతే అయి, తెలుగులో సపోటాగా నిలిచింది. పేరు పరాయిదిగానే ఉండిపోయినా, ఈ చెట్టు వేరు మాత్రం తెలుగు అడవిది. గింజ నుంచి పెరిగిన సపోటా కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది, తల్లి గుణం నిలుపుకోదు. అందువల్ల తోటమాలులు దీన్ని పాల మొక్క మీద అంటు కడతారు. పాల అంటే తూర్పు కనుమల పొడి అడవుల్లో పెరిగే గట్టికర్ర చెట్టు. వేసవిలో వేలిగోరంత పసుపు పండ్లు కాస్తుంది, తింటే తియ్యగా ఉండి జిగురు పెదవులకు అంటుకుంటుంది. దీనికి శాస్త్రీయంగా పేరు పెట్టినవాడూ రాక్స్‌బర్గే.

గోదావరి జిల్లాల్లోని కడియం వంటి నర్సరీ ప్రాంతాలలో ఈ అంటు పనిని దగ్గరగా చూడవచ్చు. పాల విత్తనాన్ని నాటి, నెమ్మదిగా పెరిగే ఆ మొక్క కాండం పెన్సిలంత లావు అయ్యేదాకా ఓపిక పడతారు. ఆ కుండీని తల్లి సపోటా చెట్టు కొమ్మ దగ్గరికి చేర్చి, రెండింటి బెరడునూ ఒకే పొడవున పలచగా చెక్కి, చెక్కిన ముఖాలను ఒకదానికొకటి ఆనించి గట్టిగా కడతారు. నెలలు గడిచి రెండూ ఒకటైన తరువాత పాల తలను, సపోటా కొమ్మ అడుగును కోసేస్తే, పైన మెక్సికో, కింద తూర్పు కనుమలు ఉన్న కొత్త మొక్క మిగులుతుంది. పాల వేరు కరువును తట్టుకుంటుంది, ఎక్కువ కాలం బతుకుతుంది, కాపును పెంచుతుంది. సపోటా, పాల ఒకే కుటుంబానికి చెందినవి కావడమే ఈ అతుకుకు ఆధారం; పొగడ, ఇప్ప కూడా ఆ కుటుంబంలోవే. పాలుగారే రెండు చెట్ల బంధుత్వాన్ని తోటపని గుర్తించి వాడుకుందన్నమాట.

వంటింటి దారి

కొత్త పండు నిలదొక్కుకోవడానికి వంటిల్లు కూడా ఒప్పుకోవాలి. తెలుగువారి పాత పండ్ల తినుబండారాలన్నీ ఎండతో ముడిపడినవి. మామిడి రసాన్ని వడగట్టి, బెల్లమో పంచదారో కలిపి, చాప మీద పలచగా పోసి ఎండబెట్టి, ఆరిన పొర మీద మరో పొర పోస్తూ రోజుల తరబడి మందం పెంచి, ముక్కలుగా కోసే తాండ్రకు ఆత్రేయపురం పేరుపొందింది; తాటిపండు గుజ్జుతోనూ ఇదే తీరున తాటితాండ్ర చేస్తారు. రేగుపండ్లను ఉప్పు, కారం, బెల్లం, జీలకర్రతో దంచి, చిన్న బిళ్లలుగా తట్టి ఎండబెట్టే రేగివడియాలు పుల్లపుల్లగా, తియ్యగా, కారంగా ఒకేసారి నోరూరిస్తాయి. భోగినాడు పిల్లల తలల మీద పోసే పండ్లు కూడా ఈ రేగుపండ్లే. దక్షిణ భారత నవీన శిలాయుగ స్థలాలలో రేగు గింజలు దొరికాయంటే ఆ రుచి ఎంత పాతదో ఊహించవచ్చు.

పరాయి పండ్లు ఈ దారిలో కాక కొత్త దారుల్లో తినుబండారాలయ్యాయి. బన్ను మీద, ఐస్‌క్రీం మీద, కిళ్లీలో కనిపించే టూటీ ఫ్రూటీ నిజానికి పచ్చిబొప్పాయి ముక్కలను ఉడికించి, పంచదార పాకంలో ఊరవేసి, రంగు వేసి ఆరబెట్టినవే. ఇటాలియన్‌లో ఆ పేరుకు అన్ని పండ్లు అని అర్థమైనా అందులో ఉన్నది ఒకే కాయ. దాని పక్కనే కేకు మీద మెరిసే ఎర్రని చెర్రీ పలుచోట్ల పాకంలో ఊరి రంగు పులుముకున్న వాక్కాయ. పప్పులోనూ పచ్చడిలోనూ పులుపు కోసం వేసే అడవికాయే అక్కడ పరదేశపు పేరు పెట్టుకుని కూర్చుంది. హైదరాబాదులో ఏడో నిజాం కాలంలో 1935లో కట్టిన మొజంజాహి మార్కెట్ ప్రాంగణంలోని దుకాణాలలో సీతాఫలం కాలం రాగానే ఆ గుజ్జు కలిపిన ఐస్‌క్రీం కోసం జనం బారులు తీరుతారు. గింజల మధ్య కొద్దికొద్దిగా ఉండే గుజ్జును చేత్తో వేరు చేయవలసిన శ్రమ వల్ల ఇది కాలానికి కట్టుబడిన రుచిగా మిగిలి, ఎదురుచూపుకు విలువ తెచ్చింది.

పేరు పెట్టని పండ్ల కాలం

గడచిన రెండు దశాబ్దాలలో తెలుగు బజార్లలోకి వచ్చిన పండ్లు వేరే దారిన వచ్చాయి. చైనాకు చెందిన కివిని 1959లో న్యూజిలాండ్ ఎగుమతిదారులు తమ దేశపు పక్షి పేరుతో అమ్మడం మొదలుపెట్టారు. ఆ పేరే తొక్క మీది కాగితపు ముద్రతో పాటు ఇక్కడికీ వచ్చింది. డ్రాగన్ ఫ్రూట్‌ను గుజరాత్ ప్రభుత్వం 2021 జనవరిలో కమలం అని పిలవాలని నిర్ణయించింది. తెలంగాణలో, రాయలసీమలో సిమెంటు స్తంభాలకు పాకించి ఈ మొక్కను సాగుచేస్తున్న రైతులు మాత్రం ఇంగ్లీషు పేరునే వాడుతున్నారు.

ఈ పండుకు తెలుగులో కొలత లేక కాదు. డ్రాగన్ ఫ్రూట్ జెముడు జాతిలోని పండు. అదే అమెరికా వంశానికి చెందిన నాగజెముడు తెలుగునేల మీద కనీసం రెండు శతాబ్దాలుగా పొలాల గట్లకు కంచెగా ఉంది. దాని ముదురు ఎరుపు పండును రాయి మీద రుద్ది నూగుముళ్లు పోగొట్టి, చీల్చి తిని పెదవులు ఎర్రబరుచుకోవడం పల్లెపిల్లలకు ఒకప్పుడు మామూలు వినోదం. 18వ శతాబ్దపు చివర మద్రాసులో జేమ్స్ అండర్సన్ అన్న వైద్యుడు సైదాపేటలో జెముడు తోట పెంచింది, ఆ మొక్క మీద బతికే పురుగు నుంచి ఎర్రరంగు తీయాలన్న ఆశతోనే. 1920లలో నాగజెముడు పొదలను అదుపు చేయడానికి విడిచిన పురుగులు విస్తరించి, ఊళ్లకు ఊళ్లలో పొదలు లేకుండా చేశాయి. పండు ఎరిగిన తరం తగ్గిపోయాక, అదే వంశపు పెద్దపండు ఖరీదైన వింతగా తిరిగి వచ్చినప్పుడు దాని చుట్టరికాన్ని గుర్తుపట్టేవారు కరువయ్యారు.

ఈ పేర్ల చరిత్ర చెప్పే సారం ఇక్కడే ఉంది. జీడి ఎరిగిన జనం కాబట్టి జీడిమామిడి అనగలిగారు. పనస ఎరిగినవారు కాబట్టి అనాసపనస అనగలిగారు. పాల చెట్టు ఎరిగిన తోటమాలి ఉన్నందువల్ల సపోటా నిలబడింది. పరాయిదాన్ని ఆదరించే శక్తి సొంతదాన్ని ఎరిగి ఉండటం నుంచే వచ్చింది. తునికి, మొర్రి, పాల, బలుసు, కలే, ఈత వంటి పండ్లు ఏ చెట్టుకు ఎప్పుడు కాస్తాయో చెప్పగలవారు, ఎండాకాలంలో వాటిని దొప్పల్లో పోసి బస్టాండ్ల దగ్గర అమ్మే గిరిజన స్త్రీలు, నేటికీ ఆ కొలతలను కాపాడుతున్నవారు. ఆ దొప్పలోని పిడికెడు పాలపండ్లను పిల్లల చేతిలో పోయడం, వాటి పేరును వారి నోట పలికించడం ఈ తరం చేయగలిగిన పని. రాబోయే ఏళ్లలో పాలవెల్లికి ఏ కొత్త పండును కట్టినా కట్టవచ్చు, ఆ చట్రం ఎప్పుడూ కొత్తవారికి చోటిచ్చింది. దాని పక్కన వెలగకాయ కూడా ఉండాలి, అది వెలగకాయ అని చెప్పగల పిల్లవాడు కింద కూర్చుని ఉండాలి.